ఉప్పునీళ్ళ చుట్టాలు

ఇప్పుడు మా వీధిలో నీళ్ళంటే క్యాను. ఫోను చేస్తే ఆటోలో వచ్చి గడప ముందర దిగుతుంది, ఏ రుచీ లేకుండా గొంతులోకి దిగుతుంది, అంతటితో దాని కథ అయిపోతుంది. నీళ్ళకూ ఒక పరువు, ఒక మర్యాద ఉండిన కాలం వేరు. ఫోన్లు ఇంకా జేబుల్లోకి రాని ఆ రోజుల్లో రాయదుర్గంలో మాకు నీళ్ళు రెండు రకాలు. వీధి బోరింగులో వచ్చేవి ఉప్పునీళ్ళు. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా పొర కడుతుంది. ఊరి బయట ఒక తోట బావిలో ఉండేవి తీపినీళ్ళు. సైకిలుకు చెరొక పక్కన బిందె కట్టుకొని పోయి, తోట ఆయన మూడ్ చూసి మాట్లాడి, తొణక్కుండా తొక్కుకుంటూ తెచ్చుకోవాలి. తెచ్చిన తీపినీళ్ళు తాగడానికి, పప్పుకు, ఆపైన చుట్టాలకు. నిజానికి చుట్టాలకే మొదట. మాకు గొంతు తడవకపోయినా ఇంటికొచ్చిన మనిషికి తీపినీళ్ళు ఇవ్వాల్సిందేనన్నది మా అమ్మ పెట్టిన చట్టం. ఉప్పునీళ్ళు ఇచ్చి పంపితే ఆ మనిషి ఇంకో ఊరికి పోయి చెప్పుకుంటాడని ఆమె భయం. (చెప్పుకుంటే ఏమవుతుందని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. నాయన ఉన్న రోజుల్లో ఆయనకూ లేదు.)

ఈ చట్టం నా పెళ్ళి మాటలప్పుడు కూడా అమలైంది. ఆడపిల్ల వాళ్ళది నంద్యాల దగ్గర కాలువ పక్క పల్లె. ఇంటి వెనక తలుపు తీస్తే నీళ్ళు పారుతుండే ఊరు. వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ వాళ్ళకు తీపినీళ్ళు ఇచ్చింది, తీపినీళ్ళతో కాఫీ కలిపింది, ఆఖరికి చేతులు కడుక్కోవడానికి కూడా తీపినీళ్ళే పోయించింది. కాబోయే మా మామ ఒక చెంబు ఎత్తి గడగడా తాగి, 'అనంతపురం జిల్లా అంటే ఏమో అనుకొంటిమి గానీ, నీళ్ళు బాగుండాయే' అన్నాడు. అమ్మ ఔననలేదు, కాదనలేదు, ఇంకో చెంబు తెచ్చి పెట్టింది. నా భార్య కాపురానికి వచ్చిన తొలి రోజు తెల్లారి బోరింగు నీళ్ళతో మొహం కడుక్కొని, పెదవి నాకి చూసుకొని, బకెట్టులోకి చాలాసేపు వంగి చూసింది. లోపల ఎవరైనా ఉప్పు పోశారేమోనని చూసిందని తర్వాతెప్పుడో చెప్పింది. ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు.

ఏమీ అనకపోవడమే నాకు కష్టమయింది. అరిచి గోల చేసే మనిషైతే నేనూ రెండు మాటలు అనేవాణ్ణి. ఈమె తల దువ్వుకున్నాక, ఉప్పునీళ్ళకు ఊడి దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటే తీసి, వేలికి చుట్టి, నాకు చూపించకుండానే నేను చూసేట్టు కిటికీలో పెట్టేది. అంతలోనే మా మామ నంద్యాలలో ఒక విత్తనాల గోడౌనులో నాకు పని చూశాడు. 'ఉగాది లోపల ఏదో ఒకటి చెప్పండి, పని ఎవరి కోసమూ కాచుకొని ఉండదు' అని కబురు. నేనప్పుడు ఒక జీన్స్ కుట్టే యూనిట్లో పని చేసేవాణ్ణి. బెంగళూరు పోయి జిప్పులూ గుండీలూ తేవడం నా ఉద్యోగం. ఊరంతా నన్ను 'జిప్పన్న' అనేది. ఆ పేరు వదిలి, ఆ ఊరు వదిలి, అమ్మను ఒప్పించి పోవడం నాకు ఇష్టం లేదు. ఆ మాట భార్యతో చెప్పే ధైర్యమూ లేదు. నువ్వు ఇక్కడే ఉండు అని అడగడానికి ఏదో ఒక మంచి చూపించాలి కదా. ఆ ఊళ్ళో నేను చూపించగలిగింది ఎండ ఒకటే. పండక్కని పుట్టింటికి పోయి మళ్ళీ రాదేమోనని నా భయం.

అట్లాంటి దిగులుతో ఒకసారి జిప్పుల కోసం బెంగళూరు పోయి, బజారులో నడుస్తూ ఒక చేపల కొట్టు ముందర ఆగిపోయాను. గోడ పొడుగునా అద్దాల తొట్లు. వాటన్నిటిలోనూ నన్ను ఆపింది ఒక్కటే. దాంట్లో పసుపు కొమ్ము రంగువి, మా యూనిట్లో కొత్త గుడ్డకుండే నీలి రంగువి, నీలం మీద నల్ల చారలవి, కనకాంబరం రంగువి కలిసి రాళ్ళ సందుల్లో ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. కాలువ పక్కన పుట్టిన పిల్లకు ఇంట్లో ఇన్ని నీళ్ళు, నీళ్ళలో ఇన్ని రంగులు కనిపిస్తే మనసు నిలబడుతుందని నాకు ఆ క్షణాన దేవుడు చెప్పినట్టే అనిపించింది. కొట్టు ఆయన్ను అందరూ చేపల భాయ్ అంటున్నారు. 'అవి సిక్లిడ్లప్పా, ఆఫ్రికాలో ఒక పెద్ద సరస్సుండాది, ఆడివి. ఇవి ఇక్కడే పుట్టినాయనుకో, వీటి తాతముత్తాతలు ఆడివాళ్ళు' అన్నాడు. నేను పసుపుది ఒకటి, నీలంది ఒకటి, చారలది ఒకటి చాలన్నాను. 'చాలవు. శానా పొగరుమోతు జాతి ఇది. కొంచెం వేస్తివంటే ఒకటి రౌడీ అయ్యి మిగతావాటిని బతకనీదు. గుంపుగా వేసినావనుకో, ఎవరిని కొట్టల్లో దానికే తెలీక సర్దుకుంటుంది' అన్నాడు. మా పెద్దనాయన ఇంట్లో అన్నదమ్ములంతా ఒకే కప్పు కింద ఎట్లా ఉంటున్నారో నాకు అప్పుడు అర్థమయింది.

ఇక ఎంచడం మొదలుపెట్టాను. పట్టుచీర ఎంచేటప్పుడు కూడా నేను అంత తర్జనభర్జన పడలేదు. పసుపువాటిలో రెక్క మీద నల్ల అంచు ఉన్నదాన్ని చూపించి 'అది' అనేవాణ్ణి. భాయ్ వల ముంచేలోపల అది గుంపులో కలిసిపోయేది. 'ఇదేనా?' 'కాదు, దాని పక్కది.' 'ఇదా?' 'ఇది కొంచెం మొహం చిట్లిస్తాంది భాయ్, ఇంట్లోకి ఎందుకు, నవ్వు మొహంది చూడు.' పెళ్ళిచూపులకు పోయి కూడా నేను తల ఎత్తి సరిగ్గా చూడలేదు, ఆ లోటంతా ఆ రోజు తీర్చుకున్నాను. చివరికి భాయ్ విసిగి, వల గట్టున పెట్టి, 'ముందు ఇది చెప్పు. మీ ఊర్లో నీళ్ళు ఎట్లుంటాయి? తియ్యగా చప్పగా ఉంటే లోపల ఈ గవ్వలూ చలువరాతి ముక్కలూ వేయల్ల. ఉప్పగా ఉంటే ఏమీ అక్కర్లే' అన్నాడు.

చూడండి, మా ప్రాంతం మనిషిని పరాయి ఊళ్ళో అడగకూడని ప్రశ్న అదొక్కటే. వాన ఎట్లా ఉందని అడగండి, ఏడుస్తాము. పంట అడగండి, తిడతాము. నీళ్ళు ఎట్లా ఉంటాయంటే మాత్రం రొమ్ము విరుచుకుంటాము. 'మా నీళ్ళా? చక్కెర పానకం!' అన్నాను. 'అట్లయితే ఈ రాళ్ళు కొనుక్కో' అన్నాడు భాయ్. రాయదుర్గం వాడికి బెంగళూరులో రాళ్ళు అమ్ముతున్నాడు చూడు అని నాకు నవ్వొచ్చింది. ఊరి నెత్తిన కొండంత కొండ పెట్టుకొని రాళ్ళు కొంటానా? ఇక ఉప్పునీళ్ళ మాట నేను పట్టించుకోనే లేదు. ఉప్పునీళ్ళలో కూడా ఎట్లాగో బతికేస్తాయని దాని అర్థం అనుకున్నాను. మా ఊరి నీళ్ళే కావాలనే ప్రాణి ఈ లోకంలో ఒకటి ఉండొచ్చని మాకెవరికీ ఎన్నడూ తట్టలేదు, మరి నాకెట్లా తడుతుంది?

గాలి పట్టించిన కవర్లలో చేపల్ని జిప్పుల మూట పక్కన ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కాను. మడకశిరలో ఎక్కిన గొర్రెలు కాసే ఆయన ఒకడు నా పక్కన కూచొని, కవరు వేలితో తట్టి, 'ఏమప్పా, కూరకా?' అన్నాడు. 'కాదన్నా, చూడ్డానికి.' 'చూసి?' 'చూసి ఏముంది, ఊరికే చూస్తాం.' ఆయన కవరులోకి తొంగి చూసి, 'మా గొర్రెలు కూడా అంతే, నేను ఊరికే చూస్తాంటా, తినేది పట్నమోళ్ళు' అని, దిగేదాకా కవరు మీద ఎండ పడకుండా తన గొర్రెబొచ్చు కంబడి అడ్డం పెట్టి పట్టుకున్నాడు.

తొట్టి మా ఊళ్ళో దేవుని పటాలకు అద్దాలు కట్టే ఆయన ఆ పూటే కట్టి ఇచ్చాడు. (అదీ పటం మాదిరే కట్టాడు, వెనకవైపు తగిలించుకోవడానికి కొక్కెం కూడా పెట్టాడు.) నా భార్య మొదట నడుము మీద చేతులు పెట్టుకొని, 'మనుషులకే నీళ్ళు లేవు, చేపలెందుకు తెచ్చినావు?' అంది. ఆ మాట అన్న మనిషే కవరు పైకెత్తి, వెలుతురుకు పెట్టి, ఎంతసేపటికీ దించలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కొండ మొదలుకు పోయి రాళ్ళు ఏరాము. ఆమె కొంగులో వేసుకుంటూ, 'ఇది సందు బాగుంది, దూరడానికి పనికొస్తుంది, ఇది నున్నగుంది, వీపు రుద్దుకుంటాయి' అని ఒక్కో రాయికీ ఒక్కో పని అప్పగించింది. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అదే. నాకు ఆ రాళ్ళ బరువే తెలియలేదు.

ఇక నీళ్ళ దగ్గర అమ్మ తన చట్టం మళ్ళీ బయటికి తీసింది. 'యాడివిరా ఇవి?' అంది. ఆఫ్రికా అన్నాను. 'బొంబాయి కన్న దూరమా?' చాలా దూరమన్నాను. అమ్మ మొహం మారిపోయింది. 'అంత దూరం నుంచి మన ఇంటికొచ్చిన ప్రాణాలకు ఉప్పునీళ్ళు పోస్తారా? రేపు నలుగురు చూస్తే ఏమనుకుంటారు?' అంది. అట్లా మొదలైంది నా యాత్ర. పనికి పోయే ముందర ఒకసారి, వచ్చాక ఒకసారి తోట బావికి సైకిలు తొక్కేవాణ్ణి. తొట్టి నిండడానికి మేము పప్పు మానేశాము, చారుతో సరిపెట్టుకున్నాము. అమ్మ తన చెంబులో సగం తాగి సగం తొట్టిలో పోసేది. కరెంటు పోయి, తొట్టిలోకి గాలి కొట్టే మోటారు ఆగిపోతే, నా భార్య పాలు చల్లార్చినట్టు చెంబుతో నీళ్ళు ముంచి, చెయ్యి పైకెత్తి, అంతెత్తు నుంచి సన్నటి ధార పోస్తూ నిలబడేది. బుడగలు రావాలని. (మా ఊళ్ళో కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో మంత్రికి కూడా తెలీదు. ఆమె చేతులు పడిపోతే నేను పోసేవాణ్ణి, నావి పడిపోతే అమ్మ స్టూలెక్కేది.)

ఇంత చేసినా చేపలు ఉలకవు, పలకవు. పసుపుది పాచిన పాల రంగుకు వచ్చింది. నీలంది బూడిదలో పొర్లినట్టయింది. రెక్కలు ఒంటికి అతికించుకొని, మేత వేస్తే మొహం తిప్పుకొని, రాళ్ళ వెనక దాక్కున్నాయి. రౌడీలని భాయ్ చెప్పినవి ఒకదాన్నొకటి చూడను కూడా చూడడం లేదు. అమ్మ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గు తప్ప ఏమీ జరగలేదు. నా భార్య తొట్టి ముందర గొంతుక్కూచొని, మెల్లగా అంది: 'వీటికీ నా మాదిరే. ఊరు పడలేదు.' ఉగాది దగ్గరపడుతోంది. చేపలు చచ్చిపోతే, ఈమెను ఉండమని ఇంక ఏ నోటితో అడగాలో నాకు తెలియలేదు.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం నేను యూనిట్లో ఉన్నప్పుడు పటాలాయన పనితనం బయటపడింది. తొట్టి మూలన అతుకు వదిలి, నీళ్ళు ధారగట్టి కారిపోయాయంట. అమ్మ ఇంట్లో లేదు. నా భార్య ఒక్కతే గోధుమపిండి, మైనం, చేతికి దొరికిందల్లా కలిపి అతుకు మూసింది గానీ, అప్పటికే సగం తొట్టి ఖాళీ. చేపలు రాళ్ళ పక్కన అడ్డం పడి కొట్టుకుంటున్నాయి. తీపినీళ్ళ బిందె బోర్లించి ఉంది. ఉన్నది గంగాళం నిండా ఉప్పునీళ్ళు. ఏడ్చుకుంటూ, 'తప్పయిపోయింది నాయనలారా, నా దగ్గర ఇవే ఉండాయి' అని వాటికి చెప్పుకుంటూ గంగాళం మొత్తం పోసేసిందంట. నేను ఇంటికి వచ్చేసరికి కళ్ళు వాచిపోయి కూచుని ఉంది. ఇద్దరమూ అన్నం తినలేదు. చేపలు తెల్లారేసరికి ఉండవని ఒకరికొకరం చెప్పుకోకుండానే తీర్మానించుకున్నాము.

తెల్లారింది, అన్నీ ఉన్నాయి. మరుసటి రోజూ ఉన్నాయి. తోట ఆయన బావి అడుగంటిందని తీపినీళ్ళు ఆపేశాడు కాబట్టి గత్యంతరం లేక రోజూ కొంచెం కొంచెం ఉప్పునీళ్ళే పోశాము. తర్వాత ఒక రోజు యూనిట్లో నేను గుండీలు ఎంచుతుంటే పక్కింటి ఆమె వచ్చి, 'జిప్పన్నా, మీ ఇంటామె ఉన్నపళంగా రమ్మంటాంది' అంది. చేపలు పోయాయనుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో పరిగెత్తాను.

నా భార్య గడపలోనే నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకొని తొట్టి ముందరికి లాక్కుపోయింది. పసుపుది కొత్తగా దంచిన పసుపు. నీలంది చూస్తే మా యూనిట్లో ఏ తానుకూ అంత రంగు లేదు. చారలది రెక్కలు విప్పుకొని కనకాంబరందాన్ని రాళ్ళ చుట్టూ తరుముతోంది. కనకాంబరంది తిరగబడి దాన్ని తరుముతోంది. ఇసుకంతా నోటితో తవ్వి ఆమె అమర్చిన రాళ్ళన్నీ కూలగొట్టేశాయి. 'ఇదో చూడు, ఈ నీళ్ళే కావాలంట వీటికి. ఈ నీళ్ళే! మనం బావి నీళ్ళు పోసి చంపుకుంటాంటిమి' అని నవ్వుతూనే ఏడ్చేసింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకొని వచ్చి, చాలాసేపు చూసి, 'అయితే మన నీళ్ళు అంత పనికిరానివేం కాదన్నమాట' అంది. పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్ళో ఉన్న మనిషి ఆ మాట మొదటిసారి అనడం నేను విన్నాను.

ఆ సాయంత్రం ఎస్టీడీ బూతుకు పోయి నా భార్య వాళ్ళ నాయనతో మాట్లాడింది. నేను అద్దం తలుపు బయట నిలబడి పెదవులు చదవడానికి ప్రయత్నించాను. బయటికి వచ్చి, 'ఉగాదికి కాదని చెప్పినా. చేపలుండాయి, ఇప్పుడే వదిలిపెట్టి రాలేమన్నా' అంది. ఉంటానని అనలేదు. రానని కూడా అనలేదు. చేపల మీద నెట్టి గడువు పెంచింది, అంతే. నాకు అదే పండగ.

ఆ తర్వాత నీలం చేపల్లో ఒకటి మేత మానేసింది. దవడ కింద ఉబ్బింది. అమ్మ గవదబిళ్ళలంది. బెంగళూరు పోయినప్పుడు భాయ్‌ని అడిగితే, 'అది తల్లప్పా, గుడ్లు నోట్లో పెట్టుకొనుంది, పిల్లలయ్యేదాకా నోరు తెరవదు, తినదు' అన్నాడు. ఇంటికొచ్చి చెబితే ఇద్దరూ నమ్మలేదు. పిల్లలు నోట్లోంచి నువ్వుగింజల్లా బయటికొచ్చి, మా నీడ పడగానే మళ్ళీ తల్లి నోట్లోకి దూరిపోయిన రోజు నమ్మారు. ఆ రోజుల్లోనే నా భార్య కూడా అన్నం ముందర మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. అమ్మ ఒకసారి తొట్టి వైపు, ఒకసారి కోడలి వైపు చూసి నవ్వుకుంది. నాకు ఆలస్యంగా తెలిసింది. (ఇంట్లో అన్నీ నాకు ఆలస్యంగానే తెలుస్తాయి.)

కాన్పుకు ఆమె పుట్టింటికి పోయాక నా పాత భయం మళ్ళీ పైకి లేచింది. కాలువ పక్క ఊరు, అమ్మానాన్న, చేతిలో పసిబిడ్డ, ఎవరి కోసమూ కాచుకోదన్నా గోడౌనులో ఇంకా ఖాళీగానే ఉన్న పని. మా మామ ప్రతి ఫోనులోనూ ఆ పని మాట ఎత్తేవాడు. ఆడపిల్ల పుట్టిందని తెలిసి పోయి చూసి వచ్చాను. ఎప్పుడొస్తావని అడగలేకపోయాను. ఏ జవాబు వస్తుందోనని చేపల గురించి మాట్లాడి వచ్చేశాను. పాపకు మూడో నెల వచ్చాక మా మామే స్వయంగా తీసుకొచ్చి దింపాడు. రెండు రోజులుండి తీసుకుపోతాడో, వదిలి పోతాడో ఎవరూ చెప్పలేదు.

తెల్లారగానే అమ్మ నన్ను లేపింది. 'బిడ్డకు నీళ్ళు పోయల్ల, ఉప్పునీళ్ళు లేత ఒంటికి పడవు, పోరా' అంది. దగ్గరి బావి ఎండిపోయింది. గుమ్మఘట్ట దారిలో ఇంకో తోట ఉందంటే అంత దూరం తొక్కాను. బతిమాలి, బిందె నింపుకొని, ఎదురుగాలికి వంగి తొక్కుకుంటూ చెమటతో ఇల్లు చేరాను. బిందె భుజాన పెట్టుకొని పెరట్లోకి పోతే పాపకు అప్పటికే నీళ్ళు పోస్తున్నారు. నా భార్య కాళ్ళు చాపుకొని, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకొని, పక్కనున్న బోరింగు నీళ్ళ బకెట్టులోంచి చెంబుతో పోస్తోంది. సున్నిపిండి జిగురుగా అంటుకుంటోంది, పాప ఊరు ఎగిరిపోయేట్టు ఏడుస్తోంది. మా మామ దిగులుగా చూస్తూ, 'బిడ్డకు ఉప్పునీళ్ళేందమ్మా, అల్లుడు తెస్తాండాడు కదా?' అన్నాడు.

ఆమె చెంబు ఆపలేదు. 'తీపినీళ్ళు చుట్టాలకు నాయనా, నీకు పెడతాలే' అంది. 'ఇది ఈ ఊరి బిడ్డ. ఇవే నీళ్ళు పోసుకుంటుంది.'

మా మామ వంగి బకెట్టు ఆమెకు ఇంకొంచెం దగ్గరికి జరిపాడు. ఆ మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే పోయాడు. నేను మాత్రం చాలాసేపు ఆ పెరట్లోనే, నెత్తిన ఎండ, భుజాన బిందె, కళ్ళలో నీళ్ళతో, ఆ బిందె ఎక్కడ దించాలో తెలియక నిలబడిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత, ఆ రోజు బిందెతో నిలబడిపోయిన ఆ జిప్పన్నను తలచుకుంటే, దగ్గరికి పోయి భుజం తట్టి, 'ఇంక దించరా పిచ్చోడా, ఆమె యాడికీ పోదు' అని చెప్పాలనిపిస్తుంది.